రొదలో దాగిన లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"బెంగళూరులో నువ్వు చేసే పనేంది?" అని పొద్దుటి నుంచి చాలామంది అడిగారు. కంటికి కనిపించనంత చిన్న ఎలక్ట్రానిక్ పరికరాల్లో పుట్టే రొదను కొలుస్తానని చెప్పాను. "రొదను కొలిచేదేంది, ఆపాలి గాని" అన్నాడు ఒకప్పటి నా బెంచీ మిత్రుడు. అందరూ నవ్వారు. కానీ అది మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పడానికే ఈ పది నిమిషాలు వాడుకుంటాను.

భద్రాచలంలో గోదావరి మట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఇది మన ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నీళ్లు అలలతో ఊగుతున్నా మనకు కావలసింది అసలు మట్టం. ఆ ఊపును పట్టించుకోం. తీగలో కరెంటు కూడా అంతే, ఎప్పుడూ ఒకే తీరుగా పారదు. సగటుకు కాస్త పైకి, కాస్త కిందికి క్షణక్షణం ఊగుతుంది. ఆ ఊగిసలాటనే ఎలక్ట్రికల్ నాయిస్ అంటారు. మా పనిలో మాకు కావలసింది ఆ ఊపే.

అందులో ముఖ్యమైనవి రెండు రకాలు. మొదటిది వేడి వల్ల పుట్టేది. బ్యాటరీ తగిలించకుండా ఊరికే బల్ల మీద పెట్టిన రెసిస్టర్‌లో కూడా ఎలక్ట్రాన్లు అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. అమెరికాలో జాన్సన్ దీన్ని కొలిచాడు, నైక్విస్ట్ కారణం చెప్పాడు. ఇద్దరి వ్యాసాలూ 1928లో వచ్చాయి. ఈ రొద వేడిని బట్టి పెరుగుతుంది, చలిని బట్టి తగ్గుతుంది. కాబట్టి రొదను కొలిస్తే థర్మామీటర్ లేకుండానే ఉష్ణోగ్రత తెలుస్తుంది.

రెండో దాన్ని 1918లో జర్మనీలో షాట్కీ వివరించాడు. కరెంటు నీళ్లలా ఎడతెగని ధార కాదు, ఎలక్ట్రాన్ల చినుకులు. మన పాత రేకుల కప్పు గుర్తు తెచ్చుకోండి. సన్న తుంపర పడితే ఒకే తీరుగా సర్రుమని వినిపించేది. లావు చినుకులు పడితే టపటపా మోగి, సారు చెప్పే పాఠం వినపడేది కాదు. గంటలో బకెట్లో చేరిన నీళ్లు రెండు సార్లూ ఒకటే కావచ్చు. బకెట్ సగటును చెబుతుంది. చినుకు ఎంత లావో చప్పుడు చెబుతుంది.

ఒక నానో ఆంపియర్ చాలా చిన్న కరెంటు. అందులో కూడా సెకనుకు సుమారు 624 కోట్ల ఎలక్ట్రాన్లు పోతాయి. ఒక్కొక్కదాన్ని లెక్కపెట్టలేం. కానీ ఆ రొదను బట్టి ఒక్కో చినుకు ఎంత ఆవేశాన్ని మోస్తోందో చెప్పగలం. చాలా చల్లగా ఉంచి, బలమైన అయస్కాంత క్షేత్రంలో పెట్టిన ఒక పలుచని పొరలో ఎలక్ట్రాన్లన్నీ కలిసి, ఎలక్ట్రాన్ ఆవేశంలో మూడో వంతు మాత్రమే ఉన్న కణాల్లాగా నడుచుకుంటాయని 1983లో లాఫ్లిన్ సిద్ధాంతం చెప్పింది. సగటు కరెంటును ఎంత కొలిచినా ఆ చినుకులు విడిగా కనిపించలేదు. 1997లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో ఒక బృందం, ఫ్రాన్స్‌లోని సాక్లేలో ఇంకో బృందం రొదను కొలిచి, అవి సరిగ్గా మూడో వంతేనని చూపించాయి. మరుసటి ఏడు లాఫ్లిన్‌కు, ఆ స్థితిని ప్రయోగంలో కనుగొన్న స్టోర్మర్, సుయ్‌లకు నోబెల్ వచ్చింది.

ఈ పని మన దగ్గర కూడా జరుగుతోంది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఒక బృందం గ్రాఫీన్ అంచు వెంట వేడి ఎంత పారుతుందో కొలిచి 2019లో ప్రచురించింది. అక్కడ వాళ్లకు థర్మామీటర్‌గా పనికొచ్చింది జాన్సన్ రొదే.

ఇది ఎంత చిన్నదో చెబుతాను. వెయ్యి ఓంల రెసిస్టర్‌లో, మామూలు గది వేడిలో, ఒక హెర్ట్జ్ వెడల్పులో వచ్చే రొద సుమారు 4 నానోవోల్టులు. అంటే వోల్టులో వంద కోట్ల భాగాల్లో నాలుగు. చల్లబరిస్తే ఇంకా తగ్గుతుంది. దాన్ని పెంచి చూపే ఆంప్లిఫయర్ తన సొంత రొదను కూడా కలుపుతుంది. అందుకని ఒకే సంకేతాన్ని రెండు ఆంప్లిఫయర్లకు ఇస్తాం. రెండు రీడింగులనూ క్షణక్షణం గుణించి సగటు తీస్తాం. ఒకదాని సొంత రొదకు రెండోదానితో సంబంధం లేదు కనుక అవి ఒకసారి ప్లస్, ఒకసారి మైనస్ అయి కొట్టుకుపోతాయి. రెండింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది మిగులుతుంది. పదింతలు కచ్చితంగా కావాలంటే వందింతల సేపు కొలవాలి. మా పనిలో ఎక్కువ భాగం ఓపికగా కూర్చోవడమే.

2023లో కేంద్రం సుమారు 6,000 కోట్లతో జాతీయ క్వాంటమ్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ వస్తుందంటున్నారు. క్వాంటమ్ కంప్యూటర్ లెక్క తప్పడానికి పెద్ద కారణాల్లో ఒకటి ఈ రొదే. అది ఎక్కడ పుడుతోందో కొలిచేవాళ్లు లేకుండా ఆ యంత్రాలు బాగుపడవు. ఆ కొలిచేవాళ్లలో మన బడి పిల్లలు కూడా ఉండాలి. ఉండాలంటే ముందు వాళ్లు బడిలో ఉండాలి.

ఇక్కడే నా అసలు మాట. ఆరో తరగతిలో మాతోపాటు ఒకే కోయ గూడెం నుంచి కొంతమంది వచ్చేవాళ్లు. పదో తరగతి ఫొటోలో వాళ్లలో ఒక్కరూ లేరు. సంక్రాంతి దాటాక మిర్చి ఏరడానికి మేస్త్రి ముఠా కడితే గూడెం గూడెమే కదిలేది, పిల్లలతో సహా. బడి సగటు హాజరు మాత్రం ఎప్పుడూ ఫర్వాలేదన్నట్టే ఉండేది.

జ్వరం వచ్చి ఒక్కొక్కరు మానితే అది తుంపర. హాజరు ఒకటీ రెండూ ఊగుతుంది. గూడెం మొత్తం పోతే అది లావు చినుకు. ఎనిమిది, పది ఒక్కసారే పడిపోతుంది. రెండింటికీ మందు ఒకటి కాదు. మొదటిదానికి పిల్లవాడి ఇంటికి వెళ్తే చాలు. రెండోదానికి గూడేనికి వెళ్లాలి, తల్లిదండ్రులు పనికి పోయిన ఆ రెండు మూడు నెలలు పిల్లలు ఉండటానికి చోటు, తిండి చూడాలి. సగటు చూసి కూర్చుంటే ఈ తేడా ఎప్పటికీ తెలియదు.

స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర ఆర్చి కట్టాలని కొందరు మిత్రులు అన్నారు. నేను కాదనను. దానికంటే ముందు ఒక పని చేద్దాం. బీరువాలో దొరికినన్ని పాత హాజరు రిజిస్టర్లు తీసి, తొమ్మిదో తరగతి పిల్లల చేత రోజువారీ హాజరును గ్రాఫ్ కాగితం మీద గీయిద్దాం. సగటు గీత వద్దు, ప్రతిరోజూ ఒక చుక్క. ఎక్కడెక్కడ ఒక్కసారిగా పడిపోయిందో, ఏ గూడెం పేర్లు ఒకేసారి మాయమయ్యాయో వాళ్లే కనిపెడతారు. అది వాళ్ల మొదటి నాయిస్ కొలత అవుతుంది. ఈ సంక్రాంతి లోపల ఆ గ్రాఫులు సంఘం కార్యవర్గం ముందు పెడితే, నిధి ఎక్కడ ఖర్చు పెట్టాలో అప్పుడు మాట్లాడుకుందాం. ఆ లెక్కలో పిల్లలకు తోడుగా కూర్చోవడానికి డిసెంబరులో వారం రోజులు సెలవు పెట్టి వస్తాను.