వెలుతురూ, గుండే

ఎండపొడ పడకుండా కిటికీలు బిగించుకుంటాం కదూ? అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంవారు 2019లో ప్రకటించిన సంగతి వినండి. ఎలుకలను వారంరోజులు పగటిపూట 10,000 లక్సుల వెలుతురులో ఉంచి, తరువాత గుండెకు కాసేపు నెత్తురు ఆపారు. మామూలు గదిలోవాటికంటే వీటి గుండె తక్కువ దెబ్బతింది. చూపులేని ఎలుకలకు మాత్రం ఆ మేలు కలగలేదు! అంటే వెలుతురు పనిచేసేది కంటిద్వారానన్నమాట. ఒంట్లో రేయింబవళ్ళ లెక్క చూసే 'పెర్-2' అనే ప్రొటీను పెరిగి, ప్రాణవాయువు చాలనప్పుడు గుండెకండ చక్కెరతో నెట్టుకొచ్చేలా చేస్తుందట.

మనుషుల్లో ఆ ప్రొటీను పెరగడం చూశారుగాని, గుండెపోటుకు ఇది మందని తేలలేదు. సూర్యుణ్ణి తేరిపార చూసేరు, కళ్ళు పోతాయి! ఇంట్లో ఎవరికైనా గుండెల్లో బరువు, చెమటలు పట్టాయా, గ్యాసేలే అని వాము నమిలించి కూర్చోబెట్టకండి. మన ఆడవాళ్ళకైతే ఒక్కోసారి ఆయాసం, వికారమే కనిపిస్తాయి. పొయ్యి ఆర్పేసి, వెంటనే 108కి ఫోను చెయ్యండి.