మౌస్ ఎవరి చేతిలో ఉంది?

(విద్యార్థుల తల్లిదండ్రుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మీ పిల్లల పాఠశాలలో కంప్యూటర్లు ఉన్నాయా అని మేము ఈ రోజు అడగడం లేదు. ఉన్న కంప్యూటర్ ముందు మీ అమ్మాయి ఎక్కడ కూర్చుంటున్నదని అడుగుతున్నాం.

బాలబాలికలు కలిసి చదివే ఉన్నత పాఠశాలలకు వెళ్లినప్పుడు మేము తరచుగా చూసే దృశ్యం ఒకటుంది. ఒక కంప్యూటర్ చుట్టూ నలుగురైదుగురు విద్యార్థులు ఉంటారు. కుర్చీ అబ్బాయిది, మౌస్ అతని చేతిలో ఉంటుంది. అమ్మాయి వెనుక నిలబడి, ఉపాధ్యాయులు చెప్పినది నోటుపుస్తకంలో రాసుకుంటుంది. పరీక్షలో ఆమెకే ఎక్కువ మార్కులు రావచ్చు. కానీ యంత్రాన్ని తన చేతులతో నడిపిన అనుభవం ఆమెకు దక్కదు. ఆమెను ఎవరూ వద్దనలేదు, అలాగని ఎవరూ రమ్మని పిలవనూ లేదు. ప్రొజెక్టర్ మొరాయిస్తే ఉపాధ్యాయులు పిలిచేది అబ్బాయినే. బల్లలు తుడవాల్సి వస్తే మాత్రం అమ్మాయిలు గుర్తుకొస్తారు.

ఇది పాఠశాలలో మొదలైన అలవాటు కాదని మనం ఒప్పుకోవాలి. కరోనా కాలాన్ని గుర్తుచేసుకోండి. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ ఎవరికి అందింది? చాలా ఇళ్లలో ముందు అన్నకు, ఆ తరువాత తమ్ముడికి. అమ్మాయి వంతు వచ్చేసరికి వంట పనో, చార్జింగ్ అయిపోవడమో అడ్డుపడింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు ఇచ్చింది. అమ్మాయి పేరున వచ్చిన ట్యాబ్ ఇంటికి చేరాక ఎవరి చేతిలో ఉన్నదో ప్రతి కుటుంబం తనను తాను ప్రశ్నించుకోవాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ అంతరాన్ని అంకెల్లో చూపింది. ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవారు తెలంగాణ పురుషుల్లో 57 శాతం కాగా, స్త్రీలలో 27 శాతానికి లోపే. ఆంధ్రప్రదేశ్‌లో పురుషులు 49 శాతం, స్త్రీలు 21 శాతం. ఇవి అన్ని మతాలవారినీ కలిపి చెప్పిన అంకెలు. నేడు స్కాలర్‌షిప్ దరఖాస్తు, కళాశాల ప్రవేశం, పోటీ పరీక్ష చాలావరకు ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. కీబోర్డు తెలియని అమ్మాయి తన హక్కు కోసం కూడా మీసేవ కేంద్రం దగ్గర మరొకరి దయకై నిలబడవలసి వస్తుంది.

తల్లిదండ్రుల భయం మాకు తెలుసు. ఫోటోలు దుర్వినియోగం అవుతాయని, అపరిచితులు పలకరిస్తారని, బిడ్డ పేరు బజారున పడుతుందని అమ్మీ, అబ్బా బెంగపడతారు. ఆ భయం నిరాధారం కాదు. అయితే దొంగల భయంతో ఇంటికి తాళం వేస్తాం గాని, ఇల్లే వదిలిపోము. అనుమతి లేకుండా ఒకరి ఏకాంత చిత్రాలు తీసి పంచడం ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద నేరం. పిల్లలపై లైంగిక వేధింపులకు 2012 నాటి పోక్సో చట్టం ఉంది. ఆపదలో ఉన్న బిడ్డ కోసం 1098 నంబరు ఉంది. వీటిని అమ్మాయికి నేర్పడం మన బాధ్యత. తప్పు చేసినవాడిని వదిలి, అమ్మాయి చేతిలోని ఫోన్ లాక్కుంటే ఆమె మరోసారి నోరు విప్పదు. ఇదే జాగ్రత్త, ఇదే సంస్కారం అబ్బాయికీ నేర్పాలి. చూపు దించుకొమ్మన్న ఆదేశం ఖుర్‌ఆన్‌లో ముందుగా పురుషులకే వచ్చింది. తెర ముందు కూర్చున్నప్పుడు కూడా అది వర్తిస్తుంది.

మన ధర్మంలో తొలి వహీ 'చదువు' అనే ఆజ్ఞతో మొదలైంది. ఆ వెంటనే కలం ప్రస్తావన వచ్చింది. ఆ ఆజ్ఞ పురుషులకే పరిమితమని ఎవరూ చెప్పలేరు. ఈ కాలపు కలాల్లో కంప్యూటర్ ఒకటి.

బేగం రొఖయా సఖావత్ హుసేన్ 1905లో మద్రాసు నుంచి వెలువడే ఒక ఆంగ్ల పత్రికలో 'సుల్తానాస్ డ్రీమ్' కథ ప్రచురించారు. అందులో స్త్రీ శాస్త్రవేత్తలు సూర్యరశ్మిని ఒడిసిపట్టి శక్తిగా వాడుకుంటారు, మేఘాల నుంచి నీరు తీస్తారు. ఆమె కథతో ఆగలేదు. 1911లో కలకత్తాలో ఎనిమిదిమంది విద్యార్థినులతో ముస్లిం బాలికల పాఠశాల తెరిచారు. ఇంటింటికీ వెళ్లి తల్లిదండ్రులను ఒప్పించారు. పర్దా కోరిన కుటుంబాల కోసం పరదాలు కట్టిన బండి ఏర్పాటు చేశారు. తల్లిదండ్రుల అభ్యంతరానికి ఆమె చదువు మాన్పించి కాదు, ఏర్పాటు చేసి జవాబిచ్చారు. మనకు కావలసిన మార్గం అదే.

కాబట్టి మేము కోరేవి నాలుగు. ప్రతి కంప్యూటర్ పీరియడ్‌లో వంతులవారీగా కూర్చోబెట్టి, ఎవరు ఎంతసేపు యంత్రం వాడారో రిజిస్టరులో రాయాలి. ప్రొజెక్టరు, ట్యాబ్‌ల బాధ్యత వారం అమ్మాయికి, వారం అబ్బాయికి ఇవ్వాలి. మైనారిటీ గురుకులాలతో సహా అన్ని బాలికల పాఠశాలల్లోనూ ల్యాబ్ తాళం బీరువాలో కాక, టైంటేబుల్ ప్రకారం తలుపుకు కనబడాలి. ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే చదువు కోసం అమ్మాయికీ ఒక నిర్ణీత సమయం రాసిపెట్టాలి.

మొదటి మూడూ అడిగే వేదిక మనకుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు, అంటే 75 శాతం, తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలై ఉండాలి. తల్లులారా, ఆ సమావేశానికి వెళ్లండి. సంతకం చేసి వచ్చేయకండి. ల్యాబ్ తెరిపించి చూడండి. నాలుగోది అడగడానికి ఏ కమిటీ అక్కరలేదు. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక మీరే మొదలుపెట్టవచ్చు.

మన బిడ్డలందరికీ ప్రయోజనకరమైన జ్ఞానాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.