పగులు పొడవు - భూకంప ప్రమాణము

నడికుడి జంక్షనులో బండి మారి మాచర్లకు పోవువారికి ఆ దారి పొడవు తెలిసినదే. సుమారు 35 కిలోమీటర్లు. నేలలోని పగులు ఇంచుమించు అంత పొడవున ఒక్కసారిగా జారినచో 7 ప్రమాణము గల భూకంపము పుట్టగలదు. 2004 డిసెంబరు 26వ తేదీ ఉదయము సుమత్రా తీరమున మొదలైన పగులు అండమాను దీవుల వరకు సుమారు 1300 కిలోమీటర్లు సాగినది. దాని ప్రమాణము 9.1. ఏడునకు తొమ్మిదికి నడుమ అంకెలలో భేదము రెండే. వెలువడు శక్తిలో భేదము వేయి రెట్లు. ఇది యెట్లు కలుగునో నేడు విచారింతము.

భూకంపపు బలిమికి మూడు ఆధారములు గలవు: జారిన పగులు వైశాల్యము, రాయి జరిగిన దూరము, ఆ రాతి బిగువు. ఈ మూటిని గుణించగా వచ్చిన రాశినుండియే ప్రమాణమును గణింతురు. ప్రమాణము ఒక అంకె పెరుగుటకు సాధారణముగా వైశాల్యము పదిరెట్లు, జారుడు మూడురెట్లు పెరుగవలెను.

అంతటి వైశాల్యము ఎచట లభించును? నిట్టనిలువు పగులు కొంత లోతు దిగగానే వేడిమికి మెత్తబడిన రాతిని చేరును. అచట రాయి బిగిసి విరుగదు. ఒక భూఫలకము మరియొక దాని క్రిందికి చొచ్చు చోట సంధి ఏటవాలుగా నుండును. దిగు ఫలకము చల్లనిది. కావున పగులు వెడల్పు నూరు కిలోమీటర్లను మించవచ్చును. మన పలనాటి నేల క్రింద అట్టి సంధి లేదు. 1967 మార్చి 27న వచ్చిన ఒంగోలు భూకంపము 5.4 ప్రమాణముది, దానికి కొద్ది కిలోమీటర్ల పగులు చాలును.

పగులు ఒక్క క్షణమున తెరచుకొనదు. బట్ట చిరిగినట్లు ఒక కొననుండి సాగును. 2004లో అది తుదకు చేరుటకు ఎనిమిది నిమిషములకు పైగా పట్టినది. తొలి కంపనములనుబట్టి కట్టిన అంచనా సుమారు 8 మాత్రమే. కంపము 6 గంటల 29 నిమిషములకు. మన తీరమున అల తొమ్మిది గంటల ప్రాంతమున. ఆనాడు పున్నమి, సముద్రస్నానములకు వచ్చినవారును ఉన్నారు. రెండున్నర గంటల వ్యవధి యుండియు హెచ్చరిక అందలేదు. ఆంధ్రతీరమున నూరుమందికి పైగా మరణించిరి.

2007 నుండి హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రము రేయింబవళ్లు పనిచేయుచున్నది. అది భూకంపమాపకములనే గాక, సముద్రపు నీటి మట్టములను గూడ కనిపెట్టుచుండును. అయినను పగులు చెంతనే యున్నవారికి అంత వ్యవధి యుండదు. అండమానులో మన తెలుగువారు అనేకులు గలరు. అట్టి తీరమున నేల నిమిషమునకు మించి కదలినచో, పగులు పొడవైనదని యెరిగి, అంకె తెలియువరకు వేచియుండక మెరకకు పోవలెను.