తోట రాముడికి ఆడిట్ అభ్యంతరాలు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

డి.ఏ. బకాయిల గురించి నా ముందు ముగ్గురు మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం కాసేపు సినిమాల గురించి చెప్పమన్నారు.

మా మనవడికి సినిమాల్లో తప్పులు పట్టడం సరదా. 1978 నాటి అమెరికా 'సూపర్‌మ్యాన్' చూపించి, "తాతా, భూమి చుట్టూ ఎగిరి, కాలాన్ని వెనక్కి తిప్పి, చనిపోయిన అమ్మాయిని బతికించుకున్నాడు కదా! మరి ప్రతి ప్రమాదానికీ ఆ పనే ఎందుకు చేయడు?" అన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళ మీద అభ్యంతరాలు రాసినవాణ్ణి. వాడి అభ్యంతరం నాకు సబబుగానే తోచింది. అయితే కళ్ళద్దాలు పెట్టుకోగానే అతణ్ణి ఎవరూ గుర్తుపట్టకపోవడం తప్పంటే మాత్రం ఒప్పుకోలేదు. బుగ్గ మీద పులిపిరి అంటించుకున్న కొడుకును కన్నతల్లి కూడా పోల్చుకోని సినిమాలు చూసి పెరిగాం మనం.

ఈ విద్యలో ఆరితేరినవారు మన జిల్లావారే. 1912లో తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డిగారు. ఆయన 'మాయాబజార్' 1957లో వచ్చింది. భారత కథే, కానీ పాండవులు ఒక్కసారైనా కనిపించరు. ఎవరో చెప్పేదాకా నాకు ఆ సంగతి తట్టనే లేదు. శ్రీకృష్ణుడు తలచుకుంటే ఆ పెళ్ళి ఒక్క మాటతో ఆగిపోదా, ఘటోత్కచుడి అవసరమేమిటి అని కూడా ఎవరూ అడగరు. అందులో ప్రియదర్శిని అనే పెట్టె ఉంది. తెరిచినవారి మనసులో ఉన్నదే అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు. ఆఖరికి కృష్ణుడికి శకుని! దేవుడు గదా అని ఆయనకు మినహాయింపు ఇవ్వలేదు. ఒకసారి పెట్టిన నియమం అందరికీ ఒకటే. మన సర్వీసు రూల్సులో ఆ భాగ్యం మనకు దక్కిందా?

1951 నాటి 'పాతాళభైరవి'ని నేను చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో నేల టికెట్టు మీద చూశాను. చెనక్కాయ పంట ఎండిపోయిన సంవత్సరం అది. చుట్టూ కూర్చున్నవాళ్ళందరూ అప్పుల్లో ఉన్నవాళ్ళే. తోటమాలి కొడుకు అడిగిందే తడవుగా దేవత మేడలు, సంపదలు ఇస్తుంటే ఒక్కరూ "అదెట్లా?" అనలేదు. ఎందుకంటే ఆ ప్రతిమ వాడికి దారిలో దొరకలేదు. మాంత్రికుడి చేతిలో బలి కావలసినవాడు ప్రాణాలకు తెగించి సంపాదించుకున్నాడు. ఊరికే దొరికి ఉంటే ఆ జనం సగంలోనే లేచిపోయేవారని నా నమ్మకం. ఊరికే వచ్చేదేదీ వాళ్ళు ఎరగరు.

2024 సంక్రాంతికి వచ్చిన 'హనుమాన్'ను మనవడితో కలిసి చూశాను. అందులో మణి మహిమ పగటిపూటే పనిచేస్తుంది. పొద్దు గుంకితే హీరో మామూలు మనిషే. ఆ ఒక్క షరతు వల్ల నాకు కథ మీద గురి కుదిరింది. ఆ మణి మన జిల్లాలో దొరికి ఉంటే విలన్‌కు పని చాలా కష్టమయ్యేది, ఎండకు మనకు ఏనాడూ కరువు లేదు గదా!

ఇంకో సంగతి గమనించాను. మనిషి తనకు తెలియని చోట ఏదైనా నమ్ముతాడు, తెలిసిన చోట మాత్రం పట్టుకుంటాడు. గాలిలో ఎగిరే మనిషిని నేను నమ్ముతాను. సినిమా కలెక్టరు నోట్ ఫైలు లేకుండా, తహసీల్దారు రిపోర్టు లేకుండా, నిలబడ్డ చోటే పట్టా మీద సంతకం పెడితే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఆవిడ, హీరోయిన్ కట్టెల పొయ్యి దగ్గర చీరకు మసి అంటకుండా వంట చేస్తే ఒప్పుకోదు.

ఆనాటి టూరింగ్ టాకీసులో మా ఊరి రైతులు రాక్షసులను నమ్మారు, మాయాద్వీపాలను నమ్మారు. హీరో హీరోయిన్లు పాట ఎత్తుకోగానే వాన కురిసినప్పుడు మాత్రం, నేల మీద కూర్చున్న వాళ్ళంతా ఒక్కసారిగా నవ్వారు.