బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత తిండి, నీళ్లు: ఇంట్లోవాళ్లు చూసుకోవలసినవి



మీలో కొందరి ఇళ్లలో ఎవరో ఒకరు హైదరాబాదో, బెంగళూరో వెళ్లి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకొని వచ్చి ఉంటారు. ఇంకొందరు చేయించుకోవాలని ఆలోచిస్తూ ఉంటారు. ఆపరేషన్ అయిన రెండు మూడు రోజులకే మామూలుగా ఇంటికి పంపించేస్తారు. ఆ తర్వాత మనిషి ఉండేది డోన్‌లో, మీ కళ్ల ముందే. అందుకే ఈ మాటలు ముఖ్యంగా వండిపెట్టే అమ్మకు, అత్తకు, భార్యకు, భర్తకు చెబుతున్నాను.

లోపల ఏం మారింది?

ఈ ఆపరేషన్లలో ఎక్కువగా చేసేవి రెండు. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో మూడు వంతులకు పైగా తీసేస్తారు. మిగిలేది అరటికాయంత సన్నని గొట్టం. బైపాస్ ఆపరేషన్‌లో జీర్ణాశయం పైభాగాన చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. మొదట్లో ఆ సంచిలో సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలు మాత్రమే పడతాయి.

ఇంకొకటి కూడా మారుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా జీర్ణాశయం పైభాగంలోనే తయారవుతుంది. స్లీవ్‌లో ఆ భాగాన్నే తీసేస్తారు. కాబట్టి మొదటి నెలల్లో చాలామందికి ఆకలి సరిగా వేయదు. ఒకేసారి ఎక్కువ నీళ్లు తాగితే ఛాతీలో పట్టేసినట్టు ఉంటుంది, అందుకని నీళ్లకు కూడా దూరంగా ఉంటారు. "ఆకలైతే అడుగుతుందిలే, దాహమైతే తాగుతుందిలే" అని వదిలేస్తే ఆమె అడగదు, తాగదు. ఇప్పుడు గడియారం చూసి గుర్తుచేయవలసింది మీరే.

ఇళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకరు "పిడికెడు మెతుకులు కూడా తినకపోతే ఎట్లా?" అని బలవంతంగా తినిపిస్తారు. అప్పుడు వాంతులవుతాయి. ఇంకొకరు "తినకపోతేనే కదా సన్నబడేది" అని సంతోషపడతారు. అప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది, సత్తువ పోతుంది. రెండూ నష్టమే.

నీళ్లు ఎలా తాగించాలి?

రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల ద్రవాలు లోపలికి వెళ్లాలి. మొదటి రోజుల్లో కొంచెం తగ్గినా, రోజురోజుకూ పెంచుకుంటూ రావాలి. గ్లాసు ఎత్తి గటగటా తాగడం ఇక కుదరదు. లెక్క ఇలా వేసుకోండి. పావుగంటకు 30 మిల్లీలీటర్లు, అవి కూడా రెండు మూడు గుక్కలుగా. ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది వరకు పదిహేను గంటలు. గంటకు నాలుగుసార్లు చొప్పున అరవైసార్లు. మొత్తం 1,800 మిల్లీలీటర్లు. పొద్దున్నే రెండు లీటరు సీసాలు నింపి పక్కన పెట్టండి. ఎంత తాగారో సాయంత్రానికి సీసాలే చెబుతాయి.

మన ఊరి ఎండలు మీకు తెలుసు. మేలో నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో ఇంకొంచెం ఎక్కువే కావాలి. పలుచని మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు, వడకట్టిన పప్పుకట్టు, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. గోలీసోడా, కూల్‌డ్రింకులు వద్దు, గ్యాసు పట్టేస్తుంది. చెరకురసం, చక్కెర ఎక్కువ వేసిన షర్బత్తు కూడా వద్దు. బైపాస్ అయినవాళ్లకు తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం, విరేచనాలు వస్తాయి.

తినేటప్పుడు నీళ్లు ఇవ్వకండి. తిన్నాక అరగంట ఆగి మళ్లీ గుక్కలు మొదలుపెట్టండి.

తిండి ఎప్పుడు ఏది?

సాధారణంగా మొదటి రెండు వారాలు ద్రవాలే. మూడు, నాలుగు వారాల్లో మెత్తగా రుబ్బినవి. ఐదు, ఆరు వారాల్లో మెత్తని పదార్థాలు. రెండు నెలలు దగ్గరపడ్డాక మామూలు భోజనం, కొంచెం కొంచెంగా. మీ డాక్టరు గారు రాసిన కాగితంలో వేరేగా ఉంటే దాన్నే పాటించండి.

మన రాయలసీమలో సంకటి ముద్దను పులుసులో అద్ది నమలకుండా మింగడం అలవాటు. ఈ ఆపరేషన్ అయినవాళ్లు అలా మింగకూడదు, అడ్డుపడుతుంది. ఏది తిన్నా ఇరవై, ముప్పైసార్లు నమలాలి. ఎండు జొన్నరొట్టె, ముద్దగా ఉండే అన్నం చివరలో మొదలుపెట్టేవి. రాగిజావ మంచిదే, సున్నం ఎక్కువ. కానీ మాంసకృత్తులు తక్కువ, కాబట్టి పాలు కలిపి ఇవ్వండి.

మాంసకృత్తులు, అంటే ప్రోటీను, రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి. మెత్తని తిండి మొదలయ్యాక ఒక రోజు లెక్క చూద్దాం. రెండు గుడ్లలో 12 గ్రాములు. పావులీటరు పాలలో 8. చిన్న గిన్నె పెరుగులో 5. ఉడికిన మెత్తని కోడికూర రెండు మూడు ముక్కలు, 60 గ్రాములు ఉంటే 15. గుప్పెడు కందిపప్పుతో చేసిన గట్టి పప్పులో 7. మొత్తం 47. ఇంకా 13 తక్కువ. పాతిక గ్రాముల మీల్‌మేకర్ నానబెట్టి, పిండి, మెత్తగా రుబ్బి వండితే ఆ 13 వస్తాయి. డాక్టరు గారు రాసిన ప్రోటీను పొడి ఉంటే దానితోనైనా పూడ్చుకోవచ్చు. ప్లేటులో ముందు ప్రోటీను ఉన్నది తినిపించండి, కూర తర్వాత, అన్నం చివర. కడుపు నిండగానే ఆపేయమనండి. "ఇంకొక్క ముద్ద" అనకండి.

మాత్రలు మానకూడదు

మల్టీవిటమిన్, ఐరన్, బి12, కాల్షియం, విటమిన్ డి మాత్రలు జీవితాంతం అవసరమవుతాయి. ఐరన్‌కు, కాల్షియంకు మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. రక్తపరీక్షలు మొదటి ఏడాది కొన్నిసార్లు, ఆ తర్వాత ఏడాదికొకసారి చేయించాలి. షుగరు, బీపీ మాత్రలు పాత మోతాదులో వేస్తే ప్రమాదం, ఎందుకంటే తిండి తగ్గింది. సొంతంగా మానేయడమూ ప్రమాదమే. డాక్టరు గారితో మార్పించుకోండి. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనకండి, పుండ్లు పడతాయి. బీడీ, సిగరెట్, మద్యం దూరంగా ఉంచండి.

పెళ్లయిన ఆడపిల్లలైతే ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. అత్తగారు, ఈ విషయంలో కోడలిని తొందరపెట్టకండి. ఉపవాస ప్రార్థన అయినా, రంజాన్ అయినా, ఏకాదశి అయినా, డాక్టరు గారిని అడగకుండా ఉపవాసం వద్దు. నీళ్లు కూడా ముట్టని ఉపవాసం మొదటి సంవత్సరం అసలే వద్దు.

వాంతులైతే గ్లూకోజు ఎక్కించే ముందు

ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి. మన దగ్గర మనిషి నీరసపడితే ఆర్‌ఎంపీని పిలిచి గ్లూకోజు సీసా పెట్టించడం మామూలు. ఈ ఆపరేషన్ అయి, వారం పది రోజులుగా వాంతులవుతున్న మనిషికి అదే కీడు చేయవచ్చు.

కారణం చెబుతాను. థయమిన్ అనే బి1 విటమిన్ మన ఒంట్లో రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే నిల్వ ఉంటుంది. వాంతులవుతూ తిండి నిలవకపోతే అది అయిపోతుంది. గ్లూకోజు ఒంటికి పట్టాలంటే థయమిన్ కావాలి. ముందు థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు, నరాలు దెబ్బతింటాయి. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, పాదాల తిమ్మిరి, మాట మరిచిపోవడం, ఇవి దాని గుర్తులు. ఆలస్యమైతే కొందరిలో మళ్లీ పూర్తిగా బాగుపడదు.

ఇది కొత్త జబ్బేమీ కాదు. పూర్వం కోస్తా జిల్లాల్లో బాగా తెల్లగా పట్టిన మిల్లుబియ్యం తినేవాళ్లకు వచ్చిన బెరిబెరి కూడా ఈ థయమిన్ లోపమే. దాని గురించి పరిశోధన చేయడానికి 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలైన సంస్థే, 1958లో హైదరాబాదుకు వచ్చి, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. కారణం తెలిసిన జబ్బు, ఒక ఇంజెక్షన్‌తో ఆపగలిగిన జబ్బు. అందుకని ఏ ఆసుపత్రికి వెళ్లినా మీరే నోరు తెరిచి చెప్పండి: "ఈమెకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది. ఇన్ని రోజులుగా వాంతులు. గ్లూకోజుకు ముందు థయమిన్ ఇవ్వాలేమో చూడండి." ఆపరేషన్ కాగితం జిరాక్సు ఎప్పుడూ పర్సులో ఉంచండి.

ఎప్పుడు ఆగకూడదు?

ఒక రోజంతా నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం ముదురు పసుపుగా, కొంచెంగా వస్తున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా ఆ రోజే డాక్టరు గారికి చూపించండి. జ్వరం, గుండెదడ, విడవని కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం ఉంటే లోపలి కుట్టు దగ్గర లీకు కావచ్చు. పైన చెప్పిన చూపు, నడక గుర్తులున్నా అంతే. గంట కూడా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. కర్నూలు పెద్దాసుపత్రి మనకు సుమారు యాభై కిలోమీటర్లు. దారిలోనే ఆపరేషన్ చేసిన డాక్టరు గారికి కూడా ఫోన్ చేయండి.

రోజూ పడుకునే ముందు ఒక నోటు పుస్తకంలో నాలుగు సంగతులు రాయండి: ఎంత తాగారు, ప్రోటీను ఎంత, వాంతులు ఎన్నిసార్లు, మాత్రలు వేసుకున్నారా. చదువుకునే పిల్లలుంటే ఈ పని వాళ్లకు అప్పగించండి. చెకప్‌కు వచ్చేటప్పుడు ఆ పుస్తకం తెచ్చి మాకు చూపించండి.