అంగడి కట్టడములు – జీర్ణోద్ధారణము
(వార్షిక మహాసభయందు చేయబడిన యుపన్యాసము)

  

 పంతులుగారు విద్యను గూర్చియో, ధర్మమును గూర్చియో చెప్పుదురని యెదురుచూచినవారికి మేమెన్నుకొన్న విషయము కొంత యాశ్చర్యము గలిగింపవచ్చును. మేము నేడు అంగడి కట్టడములను గూర్చి మనవి చేయదలచినాము. వర్తకము మన కులవృత్తి. మన పెద్దలు తమ యార్జనమునందు కొంత దేవాలయములకును, కొంత సత్రములకును, కొంత యంగళ్ల నిర్మాణమునకును వెచ్చించిరి. దేవాలయమునకు ధర్మకర్తలు గలరు. పాతబడిన యంగడికి దిక్కెవ్వరు? ఇదియే మా ప్రశ్న.

అమరసింహుడు పురవర్గమునందు అంగడిని ఆపణమనియు, నిషద్యయనియు పేర్కొనినాడు. నిషద్య యనగా కూర్చుండు చోటు. పెద్దమండ్యము, మదనపల్లె ప్రాంతములందలి పాత యంగళ్లను జూచినవారికి ఈ పేరెంత తగియున్నదో వేరుగ జెప్పనక్కరలేదు. వీధివైపున అరుగు, దానిపై పంచ, లోపల సరకుల కొట్టు, వెనుక కాపురపుటిల్లు, మీద మట్టిమిద్దె. వర్తకుడు త్రాసు నెదుట నుంచుకొని యరుగుపై కూర్చుండెడివాడు. ఒక తరమున బియ్యము పప్పులమ్మిన యరుగే మరియొక తరమున బట్టల బేరమునకును, ఇంకొక తరమున మందుల దుకాణమునకును పనికివచ్చినది. సరకు మారినను కట్టడము సాగినది.

మన యూళ్లలో చిన్నదిగా గానవచ్చు నీ ధర్మమే మహానగరములందు పెద్దదిగా గానవచ్చును. రెండు దృష్టాంతములను మనవి చేసెదము. ఒకటి చెన్నపట్టణమందలి మూర్ మార్కెట్టు. రెండవది హైదరాబాదునందలి మొజంజాహీ మార్కెట్టు.

చెన్నపురియందు బ్రాడ్వే వీధిచెంత నుండిన పాపమ్ మార్కెట్టు మిక్కిలి యపరిశుభ్రమయినందున, దానికి బదులుగా క్రొత్తది నిర్మింప నగరపాలకులు సంకల్పించిరి. 1898వ సంవత్సరమున శంకుస్థాపనమయి, 1900వ సంవత్సరమున మూర్ మార్కెట్టు తెరవబడెను. నాటి నగరపాలక సంస్థ యధ్యక్షుడగు సర్ జార్జి మూర్ పేర నది వెలసినది. ఎఱ్ఱని గోడలు, కమానుల వరుసలు, నడుమ వాకిలి గల యా కట్టడము సెంట్రల్ రైలుస్టేషను ప్రక్కనే యుండెను. మొదట తినుబండారముల విక్రయమునకై కట్టబడినను, కాలక్రమమున నది పాత పుస్తకములకును, ఆటవస్తువులకును, పెంపుడు పక్షులకును, గ్రామఫోను పలకలకును నెలవయ్యెను. క్రొత్త పుస్తకము కొనలేని విద్యార్థి యచట పాతదానిని బేరమాడి కొనగలిగెను. కాయగూరల కొఱకు కట్టిన కట్టడము సరస్వతికి నీడయగుట చిత్రము గదా! కాని 1985వ సంవత్సరము మే 30వ తేదీన నది యగ్నికి ఆహుతియయ్యెను. మరల కట్టబడలేదు. ఆ స్థలమున రైల్వేవారి భవనము లేచినది. వర్తకులు వేరొక చోటికి తరలిరి.

ఇక హైదరాబాదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు మాసమున మూసీనది పొంగి నగరమును ముంచివేసెను. ఆ యుపద్రవము పిమ్మట నగరమును తీర్చిదిద్దుటకై నగరాభివృద్ధి సంస్థ యేర్పడెను. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పాలనమున, ఆయన రెండవ కుమారుడగు మొజంజా పేర, 1935వ సంవత్సరమున ఈ మార్కెట్టు వెలసెను. గ్రానైటు రాతితో కట్టబడిన యీ భవనము కూడలికి ముఖమై యుండును. ముఖద్వారముపై గడియారపు గోపురము. దానికిరుప్రక్కల రెండు వీధుల వెంబడి రెండు చేతులు చాచినట్లు దుకాణముల వరుసలు. వాని నడుమ విశాలమయిన వాకిలి. నగరమునకు పండ్ల సరఫరా చాలకాల మిచటినుండియే జరిగెను. 1980వ దశకమున పండ్ల టోకు వ్యాపారము గడ్డిఅన్నారమునకు తరలిపోయెను. అయినను మార్కెట్టు శూన్యము కాలేదు. పండ్లు పోయినను, పండ్లతో జేయు ఐస్‌క్రీము నిలిచినది. సాయంకాలమున జనులు దానికొఱకే వచ్చుచుందురు.

అయితే కాలముతోబాటు పైకప్పులు కారినవి, అడ్డదిడ్డముగ రేకులు వెలసినవి, గోపురము మలినమయ్యెను. 2018వ సంవత్సరమున ప్రభుత్వమువారు జీర్ణోద్ధారణమునకు పూనుకొనిరి. అంటించిన రేకులను తొలగించి, కప్పును బాగుచేసి, రాతిని శుభ్రపరచి, 2020వ సంవత్సరము ఆగస్టు 14వ తేదీన మార్కెట్టును మరల ప్రజలకు సమర్పించిరి.

సోదరులారా! ఈ రెండు చరిత్రములనుండి మనము గ్రహింపవలసిన దేమి? రెండు కట్టడములును ఉపయోగము మార్చుకొనగలిగినవే. సమానమయిన చిన్న చిన్న దుకాణములు, నీడనిచ్చు కమానులు, గాలి వెలుతురునిచ్చు వాకిలి యుండుటచే నొక సరకు పోయి మరియొక సరకు వచ్చుటకు వీలుకలిగెను. కాని యీ గుణ మొక్కటియే కట్టడమును కాపాడజాలదు. కూలబోవు గోడకు, కారు కప్పునకు పూనుకొను చేయి యొకటి యుండవలెను. ఆ చేయి యొకచోట లభించెను, మరియొకచోట లభింపలేదు.

మన సత్రములకును, మన యంగళ్లకును ఆ చేయి యేది? ఎప్పుడో నిర్ణయించిన స్వల్పపు బాడుగ నేటికిని వచ్చుచుండును. దానిలో మరమ్మతునకు దమ్మిడీ మిగులదు. మిద్దెపై వాననీటి దోనె పూడిపోవును. గోడ నెఱ్ఱెలో రావిమొక్క మొలచును. ఏటేట వానలకు ముందు దానిని పెరికివేయుటకు ఒక కూలి చాలును. పదియేండ్లు విడిచితిమా, గోడయే చీలును. సున్నపు గోడకు సిమెంటు పూసి బాగుచేసితి మనుకొందుము. లోనితేమ బయటికి రాజాలక గోడ క్షయించును. తుదకు "శిథిలమయినది, పడగొట్టుదము" అని తీర్మానింతుము.

పడగొట్టి క్రొత్తది కట్టిన బాడుగ యధికముగ వచ్చునని కొందరందురు. ఆ మాట త్రోసివేయదగినది కాదు. సంఘమునకు విద్యార్థి వేతనములీయ ధనము కావలెను. ప్రాణాపాయకరమయిన కట్టడమును నిలుపుమని మేము చెప్పము. కాని బాడుగ లెక్క వేయునపుడు క్రొత్తదాని నిర్మాణవ్యయమును, దానికిని కాలక్రమమున వచ్చు మరమ్మతును గూడ లెక్కింపవలెను. దాత పేరు చెక్కిన రాతిపలక యొకసారి మట్టిపాలయిన, మరల దానము చేయబోవువానికి నమ్మకమెట్లు కలుగును? క్రొత్తగా కట్టుటకంటె జీర్ణోద్ధారణము అధిక పుణ్యప్రదమని మన పెద్దలు చెప్పుట ఇందులకే.

కావున మహాసభవారికి మూడు విన్నపములు. మొదటిది: సంఘమునకు జెందిన ప్రతి కట్టడమునకును పట్టిక యొకటి వ్రాయింపవలెను. దాత యెవరు, కట్టిన సంవత్సరమేది, బాడుగ యెంత, కప్పు గోడల స్థితి యెట్టిది యనునవి యందుండవలెను. రెండవది: వచ్చిన బాడుగలో మొదటి భాగము మరమ్మతునకే ప్రత్యేకింపవలెను, మిగిలినదే తక్కిన వ్యయములకు. మూడవది: ఇంజనీరు అభిప్రాయమును, సర్వసభ్యుల సమ్మతియు లేనిదే దేనిని పడగొట్టరాదు.

వీనిలో మొదటిది నెరవేర్చుటకు ధనముతో బనిలేదు. కాగితము, కలము, నాలుగు దినముల తీరిక చాలును. మా వలె విశ్రాంతి పొందిన పంతుళ్లందు ఆ తీరిక కలదు. సంఘమువా రాజ్ఞాపించినచో పట్టిక వ్రాయుటకు మేము సిద్ధముగ నున్నాము. శ్రీ వాసవీ కన్యకాపరమేశ్వరి మన సంఘమును చల్లగ గాపాడుగాక!