రోలు తడిసిందా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



“ఈ మధ్య మన విశాఖ తిండికి బాగా పేరొస్తోంది, నువ్వు హోటలు నడుపుతున్నావు కదా, నాలుగు మాటలు చెప్పు” అన్నారు కార్యదర్శి గారు. వేదికలెక్కడం నాకు అలవాటు లేదు. ఈ బడిలో చదివినన్నాళ్ళూ నేను ఎక్కి నిలబడింది బెంచీ మాత్రమే. తప్పులుంటే మన్నించండి.

కూర్మన్నపాలెం దగ్గర మాది చిన్న టిఫిన్ హోటలు. నాన్నగారు పెట్టింది. స్టీల్ ప్లాంట్‌లో ఎ షిఫ్టు ఉదయం 6 గంటలకు. అందుకే మా పొయ్యి నాలుగున్నరకే వెలుగుతుంది. ఇడ్లీ, పెసరట్టు, పూరీతో బొంబాయి చట్నీ. మొత్తం ఆరు బల్లలు. వచ్చేవాళ్ళలో చాలామంది ఏం తింటారో అడగకుండానే పెట్టేస్తాం.

మూడేళ్ళ కిందట ఒక కుర్రాడు ఫోను, చిన్న మైకు పట్టుకుని వచ్చాడు. తిన్నాడు, డబ్బులిచ్చాడు, వీడియో తీస్తానన్నాడు. తీస్తూ తీస్తూ, “అంకుల్, ఈ అల్లం పచ్చడి రోట్లో రుబ్బిందేనా?” అని అడిగాడు. మా పచ్చడి ఎన్నో ఏళ్ళుగా మిక్సీలోనే తిరుగుతోంది. కానీ ఎదురుగా కెమెరా ఉంది. “రోట్లోదే నాన్నా” అనేశాను. ఆ అబ్బాయి తప్పేం లేదు. అడిగాడు, నేను చెప్పాను.

ఆ ఆదివారం కార్లు బారులు తీరాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చి “రోటి పచ్చడి హోటలు ఇదేనా?” అని అడగడం. అటకమీద ఉన్న అమ్మ రోలు దింపించి, కడిగి, గుమ్మం పక్కన పెట్టాను. జనం దానితో ఫొటోలు దిగారు. పిండి చాలక బయట కొన్నాను. షిఫ్టుకి వెళ్ళే మనుషులు వరుసలో నిలబడలేక ఖాళీ కడుపుతో బస్సెక్కారు. గల్లాపెట్టె నిండుతుంటే అవేవీ నా కంటికి ఆనలేదు.

మన సైన్సు మాస్టారు ఆదివారం ఆదివారం మా దగ్గర పెసరట్టు తినేవారు. ఒకరోజు సగం తిని ప్లేటు పక్కన పెట్టారు. డబ్బులు పూర్తిగా ఇచ్చారు. వెళ్తూ వెళ్తూ రోలు దగ్గర ఆగి, వేలితో లోపల తడిమి చూసి, “ఏరా, ఇది ఎప్పుడు చూసినా పొడిగానే ఉంటుందేం?” అన్నారు. అంతే. ఆయన ఇప్పుడు మొదటి వరుసలోనే కూర్చున్నారు. మాస్టారూ, ఆరోజు నేను జవాబు చెప్పలేదు. ఇవాళ చెప్తున్నాను. అబద్ధం ఆడాను.

నాలుగు నెలలకి జనం ఇంకో చోటికి వెళ్ళిపోయారు. పాతవాళ్ళలో సగం మందే తిరిగొచ్చారు. అప్పుడు ఆలోచించాను, పేరు రావడం ఇంత ప్రమాదమా అని. కాదు. మన పక్కనే అరకు కాఫీ ఉంది. దానికి 2018లో పారిస్‌లో బంగారు పతకం వచ్చింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2024 జూన్‌లో ప్రధానమంత్రి గారు మన్ కీ బాత్‌లో దాని గురించి మాట్లాడారు. ఆ పేరు ఒక్క వీడియోతో రాలేదు. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే మిరియాల తీగలు పెంచిన గిరిజన రైతుల ఏళ్ళ కష్టం ముందు, పేరు తర్వాత. ఎర్రగా పండిన పళ్ళనే ఏరి కోయడం వాళ్ళు నేర్చుకున్నాకే పారిస్ దాకా వెళ్ళింది. భౌగోళిక గుర్తింపు అంటే అర్థం కూడా అదే: ఆ నేలలో పండితేనే ఆ పేరు వాడాలి. మన మాడుగుల హల్వా చూడండి. గోధుమలు నానబెట్టి, పాలు తీసి, పులియబెట్టి, అప్పుడు పొయ్యెక్కిస్తారు. ఎంత గిరాకీ ఉన్నా గోధుమలు నానాల్సినంతసేపు నానాల్సిందే.

నాకు అర్థమైంది ఇదీ. పేరు వచ్చేది మనం నిన్నటిదాకా చేసిన పనికి. అది నిలిచేది రేపు చేసే పనిని బట్టి.

ఇప్పుడు మా హోటల్లో రోజుకి ఎంత పిండి అని ముందే లెక్క. అయిపోతే బోర్డు తిప్పేస్తాం. ఆరింటిలోపు వరుస షిఫ్టువాళ్ళదే. గోడ మీద “అల్లం పచ్చడి మిక్సీలో రుబ్బినది” అని రాయించాను. అది చదివి నవ్వుకుని వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు, కూర్చుని తిన్నవాళ్ళూ ఉన్నారు. రోలు మళ్ళీ అటకెక్కింది.

మనలో పత్రికల్లో, టీవీల్లో పనిచేసేవాళ్ళున్నారు. ఫోనుంటే చాలు, అందరం విలేకరులమే. మీకు ఒక మనవి. ఏదైనా చిన్న హోటలు నచ్చితే తప్పకుండా రాయండి, చూపించండి. యజమానిని ఒక్కడినే కాకుండా వెనక పిండి రుబ్బే మనిషిని కూడా చూపించండి. బెల్లం అనకాపల్లిదైతే, చేప ఫిషింగ్ హార్బర్‌దైతే ఆ మాట చెప్పండి. మూడు నెలల తర్వాత మళ్ళీ ఒకసారి వచ్చి తినండి, కెమెరా లేకుండా. బాగోలేకపోతే యజమాని మొహం మీదే చెప్పండి, మన మాస్టారిలాగా.

మాస్టారు పోయిన నెల నుంచి మళ్ళీ వస్తున్నారు. మొదటిరోజు పెసరట్టు పూర్తిగా తిని, గోడ మీద బోర్డు చదివి, “అక్షరదోషం ఒకటుందిరా” అన్నారు. దిద్దించాను.